మాస్టారి మొదటి కొట్లాట

పరుపుల షాపు మీద, మేడపైన, ఒక గోడ పొడుగునా అద్దాలు బిగించిన హాల్లో మాస్టారు కరాటే నేర్పేవారు. ఆ వీధిలో సగం మంది ఆయన చేత తన్నులు తిన్నవాళ్లే. అంటే పద్ధతిగా, క్లాసులో చేరి, తెల్ల బట్టలు కుట్టించుకుని తిన్నవాళ్లు. చెక్క పలక పట్టుకుంటే అరచేతి అంచుతో విరగ్గొట్టేవారు. గాల్లోకి ఎగిరి రెండు వైపులా తన్ని, నేలకి దిగే లోపు నడుముకున్న నల్ల బెల్టు సర్దుకునేవారు. వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్లు పక్కకి తప్పుకునేవారు. ఆయన మాత్రం అది తన నడకలో ఉన్న మర్యాదకి జవాబు అనుకునేవారు.

మాస్టారి భార్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆవిడ తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. ఒక ఆదివారం అక్క ఇంటికి భోజనానికొచ్చి, చెయ్యి కడుక్కుంటూ, మనసులో ఏ దురుద్దేశమూ లేకుండా ఒక మాట అడిగాడు.

“బావా, మీరెప్పుడైనా ఎవర్నైనా కొట్టారా?”

“రోజూ కొడుతూనే ఉంటాను కదోయ్.”

“క్లాసులో కాదు బావా. బయట. నిజంగా, కోపంతో.”

మాస్టారు తువ్వాలు అందుకుని ఆలోచించారు. చేతులు తుడుచుకోవడం అయిపోయింది గానీ ఆలోచన ఒక కొలిక్కి రాలేదు. స్కూల్లో ఒకడు ఆయన పెన్సిల్ లాక్కున్నాడు, ఆయన రబ్బరు కూడా ఇచ్చేశారు. రైల్లో ఒకతను సీటు తనదన్నాడు, ఈయన నిలబడి ప్రయాణం చేశారు. అంతకు మించి ఏమీ గుర్తుకు రాలేదు.

“నన్నెవరూ కొట్టడానికి రాలేదు,” అన్నారు.

“పోనీ మీరు వెళ్లలేదా?”

“ఎక్కడికి?”

“కొట్టడానికి.”

వంటింట్లోంచి భార్య నవ్వు వినిపించింది. “ఆయనా? దోమని కూడా కొట్టరురా. కిటికీ తీసి పంపించేస్తారు.”

“అయితే బావా, స్టీరింగు పట్టుకోకుండా డ్రైవింగు నేర్పుతున్నట్టే కదా ఇది,” అన్నాడు బావమరిది. అనేసి హాయిగా సోఫాలో పడి నిద్రపోయాడు. నిద్ర లేకుండా పోయింది మాస్టారికి.

మర్నాడు పొద్దున్నే ఆయన కొట్లాట వెతుక్కుంటూ బయల్దేరారు. సూపర్ మార్కెట్ ముందు తన బండి దగ్గరికి వస్తున్న ఒక భారీ మనిషిని కావాలని భుజంతో గుద్దారు. ఆ మనిషి చేతిలోని సంచి కిందపడి ఉల్లిపాయలు దొర్లాయి.

“అయ్యో, సారీ మాస్టారూ, నేనే చూసుకోలేదు,” అన్నాడతను. పసుపు బెల్టు అమ్మాయి వాళ్ల నాన్న. ఇద్దరూ కూర్చుని ఉల్లిపాయలు ఏరారు.

తెలిసినవాళ్లు లేని చోటైతే మేలని, ఆయన దూరంగా ఉన్న రైల్వే స్టేషన్‌కి వెళ్లి టికెట్ల క్యూ మధ్యలో దూరారు. వెనక ఉన్నవాళ్లు చొక్కా పట్టుకు లాగుతారని వీపు బిగించి నిలబడ్డారు.

“అర్జెంటా సార్?” అన్నాడు వెనకాయన. “ఏవండీ, ఎవరికో సీరియస్‌గా ఉన్నట్టుంది, దారివ్వండి!”

మనుషులు ఆయన్ని చేతుల మీద తోసుకుంటూ కిటికీ దాకా చేర్చారు. కిటికీలో అమ్మాయి ఎక్కడికని అడిగితే, ఎదురుగా బోర్డు మీద కనిపించిన ఊరి పేరు చెప్పారు. అంతటితో వదిలారా? ఇద్దరు ఆయన్ని ప్లాట్‌ఫాం మీదికి పరుగెత్తించి, కదులుతున్న రైలు ఎక్కించి, “ధైర్యంగా ఉండండి” అని చేతులూపారు. ఆ ఊరు వెళ్లి, అక్కడ ఒక బెంచీ మీద కాసేపు కూర్చుని, సాయంత్రానికి తిరిగొచ్చారు.

మూడోసారి ఇక మొహమాటం పడకూడదనుకుని, మాంసం కొట్టాయన దగ్గరికి వెళ్లారు. ఆ మనిషి చేతులు ఒక్కొక్కటీ మాస్టారి తొడంత ఉంటాయి. చేతిలో కత్తి కూడా ఉంది. మాస్టారు బల్ల ముందు నిలబడి, గుండె దిటవు చేసుకుని, “నీ మొహం చూస్తుంటే నాకు వాంతి వస్తోంది!” అన్నారు.

కొట్టాయన కత్తి పక్కన పడేశాడు. “వాంతి వస్తోందా? ఎప్పట్నుంచి సార్? కళ్లు తిరుగుతున్నాయా?” అంటూ బల్ల చుట్టూ తిరిగొచ్చి, మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, అట్టముక్కతో విసురుతూ ఆయన ఫోన్లోంచే భార్యకి కబురు చేశాడు.

ఆవిడ ఆసుపత్రి నుంచి పరుగున వచ్చింది. “ఏమైందండీ?”

“కొట్లాట పెట్టుకుందామని వచ్చాను.”

“మరి?”

“నీళ్లిచ్చాడు.”

ఇంటికొచ్చి చెప్పులు విప్పాక ఆవిడ అంది: “దెబ్బలు తిన్నవాళ్లని చూడాలనుంటే మా ఎక్స్‌రే గదికొచ్చి కూర్చోండి. జనాన్ని అందరికంటే ఎక్కువ కొట్టేది బాత్రూము. ఆ తర్వాత మెట్లు. మనుషుల వంతు ఎప్పుడో గానీ రాదు. మీకెందుకండీ ఈ పిచ్చి?”

ఎందుకో మాస్టారు కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. క్లాసులో “ఇలా కొడితే ఎదుటివాడు లేవడు” అంటున్నప్పుడల్లా ఈమధ్య చివరి మాట మింగేస్తున్నారు. లేవడని ఆయనకెలా తెలుసు? ఆయనతో చెప్పింది ఆయన మాస్టారు. ఆ మాస్టారికెవరు చెప్పారో దేవుడికే తెలియాలి.

బావగారు చిక్కిపోతున్నారని తెలిసి బావమరిది నొచ్చుకున్నాడు. నేనే అంటించాను, నేనే ఆర్పాలి అనుకుని ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. బస్టాండులో సామాన్లు మోసే ఆ మనిషిని అందరూ గుండీలు అంటారు. కొట్లాటల్లో ఊడిపోగా అతని చొక్కాకి ఎప్పుడూ ఒకటో రెండో గుండీలే మిగిలేవి, అందుకని ఆ పేరు. ముక్కు ఎడమకి వంగి ఉంటుంది. ఒక చెవి నలిపి మళ్లీ విప్పిన కాగితంలా ఉంటుంది.

“బస్టాండులో ఈయన లేకుండా గొడవ మొదలవదు బావా,” అన్నాడు బావమరిది. “ఈయన రాలేదని ఆగిన గొడవలు కూడా ఉన్నాయి.”

మాస్టారు గుండీలుకి వంగి నమస్కరించి, పిల్లలందరి ముందూ నిలబెట్టి, “ఈయన దగ్గర మనం నిజమైన కొట్లాట నేర్చుకోబోతున్నాం,” అన్నారు. తర్వాత తనకి తెలిసిన వాటిల్లోకెల్లా గొప్పదైన ఒక గుద్దు గాల్లోకి గుద్ది చూపించారు.

“బాగుంది మాస్టారూ,” అన్నాడు గుండీలు. “కానీ మాటలేవి?”

“మాటలా?”

“మాటల్లేకుండా కొడితే అది కొట్లాట ఎలా అవుద్ది? హత్య అవుద్ది. ముందు మీరు ‘నేనెవరో తెలుసా?’ అనాలి. అవతలోడు ‘నువ్వెవరైతే నాకేంటి?’ అనాలి. ఇలా కొంతసేపు అనుకోవాలి. ఆ తర్వాత వాచీ, కళ్లజోడు తీసి నమ్మకమైన మనిషి చేతికివ్వాలి. అప్పుడు ఒక్కడుగు ముందుకెయ్యాలి. ఇక్కడుంది మాస్టారూ అసలు పనితనం.”

పిల్లలు కాస్త ముందుకి జరిగారు.

“అడుగెయ్యగానే జనం వచ్చి మిమ్మల్ని పట్టుకుంటారు. అప్పుడు మీరు ‘వదలండ్రా నన్ను, వదలండ్రా!’ అని అరవాలి. మీరు అరిచేకొద్దీ వాళ్లు గట్టిగా పట్టుకోవాలి.”

“తర్వాత?”

“తర్వాతేముంది, అలా కాసేపు.”

“ఆ తర్వాత?”

“టీ.”

మాస్టారికి అనుమానం వచ్చింది. “మరి మీరు ఇన్ని కొట్లాటల్లో ఉన్నారు కదా. మొదటిసారి ఎవర్ని కొట్టారు?”

“కొట్టడమా?” అన్నాడు గుండీలు. “నన్నెవరు వదిలారు మాస్టారూ?”

“మరి ఆ ముక్కు?”

“పట్టుకున్నోడి మోచెయ్యి.”

“చెవి?”

“అది ఇంకో పట్టుకున్నోడు.” గుండీలు చొక్కాకి మిగిలిన ఒక్క గుండీ పెట్టుకున్నాడు. “ఒక్కసారి. ఒక్కసారి వదిలుంటే నేనేం చేసేవాణ్ణో నాకూ చూడాలనుంది మాస్టారూ.”

ఇంకొకరైతే అక్కడితో దండం పెట్టి పంపేసేవారు. మాస్టారు మాత్రం ఆ మాటలో తన బాధే విన్నారు. పైగా గుండీలు చెప్పిన దాంట్లో క్రమం ఉంది, వరస ఉంది, సాధన చేయడానికి వీలుంది. సాధన చేయడానికి వీలున్న దేన్నీ ఆయన జీవితంలో వదిలిపెట్టలేదు.

ఆ రోజు నుంచి క్లాసు రెండుగా చీలింది. సగం మంది తిట్టుకునేవాళ్లు, సగం మంది పట్టుకునేవాళ్లు. పట్టుకునే విద్యలో పిల్లలు చకచకా ఎదిగిపోయారు. వెనక నుంచి నడుము పట్టడం, చంకల కింద నుంచి చేతులు దూర్చడం, కాలు నేలకి ఆనకుండా ఎత్తేయడం, ఒకటేమిటి! ఆకుపచ్చ బెల్టు కట్టే ఒకావిడ ఉండేది, కుట్టుమిషను టీచరు. ఆవిడ ఒక్కసారి పట్టుకుంటే గుండీలు అంతటివాడు కూడా కాసేపు గింజుకుని, “అమ్మా, వదులు తల్లీ, ఇది నిజంగా అంటున్నా,” అని బతిమాలుకునేవాడు. ఆవిడ ఇంకా బిగించేది.

ఇదంతా కింద పరుపుల షాపులో వేరే రకంగా వినిపించింది.

షాపాయన మెత్తని మనిషి. పైన గెంతులకి సీలింగు సున్నం రాలి తెల్ల పరుపుల మీద పడుతున్నా దులుపుకున్నాడే గానీ ఏనాడూ పైకొచ్చి అడగలేదు. ఇప్పుడు కొనడానికొచ్చిన మొగుడూ పెళ్లాలు పరుపు మీద వెల్లకిలా పడుకుని, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని కళ్లు మూసుకుని చూసుకుంటుంటే, సీలింగులోంచి “వదలండ్రా నన్ను! వదలండ్రా!” అని కేకలు. కళ్లు తెరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోయేవాళ్లు. ఆ చెప్పులు పట్టుకుని షాపాయన వీధి చివరి దాకా పరుగెత్తేవాడు. ఒకసారి ఒక ముసలాయన పోలీసులకి ఫోన్ చేయబోతే కాళ్లావేళ్లా పడి ఆపాడు. పైన ఎవర్ని ఏం చేస్తున్నారో తనకీ తెలియదని మాత్రం చెప్పలేకపోయాడు.

చివరికి ఒక రోజు, రెండు పరుపులు కొనడానికి సిద్ధపడిన హాస్టలు వార్డెనమ్మ కూడా కేకలు విని లేచి వెళ్లిపోయేసరికి, ఆయనకి ఒళ్లు మండిపోయింది. దబదబా మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమయ్యా మాస్టారూ! దమ్ముంటే కిందికి రా!”

ఇన్నాళ్లకి ఒక మనిషి తన కాళ్ల మీద తనే నడిచొచ్చి, కోపంతో, తననే పిలుస్తున్నాడు. కళ్లు చెమర్చాయి మాస్టారికి.

“నేనెవరో తెలుసా?” అన్నారు బెల్టు బిగించుకుంటూ.

“నువ్వెవరైతే నాకేంటి?” అన్నాడు షాపాయన. ఎవరూ నేర్పకుండానే.

గుండీలు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాడు. మాస్టారు ఒక అడుగు ముందుకేశారు. అంతే, క్లాసంతా ఒక్కసారిగా మీద పడింది. కొందరు మాస్టారిని పట్టుకున్నారు, కొందరు షాపాయన్ని పట్టుకున్నారు. కుట్టుమిషను టీచరమ్మ మాస్టారిని వెనక నుంచి పట్టి నేల మీంచి లేపేసింది.

“వదలండి!” అన్నారు మాస్టారు.

బిగించారు.

“నిజంగానే అంటున్నాను, వదలండి!”

మరింత బిగించారు. పిల్లల మొహాల్లో గర్వం వెలిగిపోతోంది. అవతల షాపాయన కాళ్లు గాల్లో కొట్టుకుంటున్నాయి. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. ఈ అవకాశం కూడా టీతో ముగిసిపోయేలా ఉంది. అప్పుడు తట్టింది ఆయనకి. గొంతు సవరించుకుని, రోజూ చెప్పే స్వరంతోనే చెప్పారు.

“ఈ రోజుకి క్లాసు అయిపోయింది.”

అందరూ ఠక్కున వదిలేసి, వరసగా నిలబడి, ఒక్కసారి వంగి లేచి, సంచులు తగిలించుకుని మెట్లు దిగిపోయారు. గుండీలు కూడా దిగిపోయాడు. షాపాయన చొక్కా సర్దుకున్నాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కిందికి దిగి షాపులోకి వెళ్లారు. షాపాయన మాస్టారి కోసం తలుపు తీసి పట్టుకున్నాడు కూడా. తర్వాత గడియ పెట్టాడు. పిల్లలంతా బయట అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు.

డబుల్ కాట్ పరుపులు రెండు వరసలుగా పరిచి ఉన్నాయి. వాటి మధ్య సందులో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. షాపాయన కళ్లజోడు తీశాడు. ఇవ్వడానికి నమ్మకమైన మనిషి కోసం చుట్టూ చూశాడు. లోపల ఇంకెవరూ లేకపోయేసరికి మాస్టారికే అందించాడు. మాస్టారు రెండు చేతులా అందుకుని, ఒక దిండు మీద పదిలంగా పెట్టి, వెనక్కొచ్చి నిలబడ్డారు.

ముప్ఫై ఏళ్ల సాధన ఆయన ఒంట్లో మేల్కొంది. కానీ సాధన ఎప్పుడూ మొదట చేయించేది ఒక్కటే. ఏ పోటీకైనా, ఏ పాఠానికైనా ముందు ఎదుటివాడికి నమస్కరించాలి. ఆయన చేతులు తొడలకి ఆనించుకుని నడుము నుంచి లోతుగా వంగారు.

కళ్లజోడు లేని షాపాయనకి కనిపించింది ఒక్కటే. తెల్లటి పరుపు పక్కన తెల్లగా ఏదో వంగుతోంది. ఆయన బతుకంతా చేసిన పని కూడా ఒక్కటే. పరుపు చూడటానికి కస్టమర్ వంగితే, కుట్టు చూపించడానికి తనూ చటుక్కున వంగడం. ఆలోచించే లోపే వంగిపోయాడు.

ఆ చప్పుడు వీధిలోకి వినిపించిందని చెప్పుకుంటారు.

మాస్టారు కుడి వైపు పరుపు మీద, షాపాయన ఎడమ వైపు పరుపు మీద పడ్డారు. చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి షాపాయనే తడుముకుంటూ లేచి తలుపు గడియ తీశాడు.

ఆసుపత్రిలో మాస్టారి భార్య ఇద్దరి తలలకీ ఎక్స్‌రేలు తీసింది. ఫిలింలు వెలుతురుకి ఎత్తి చూసి, “ఎముకలు బాగానే ఉన్నాయి. లోపల ఏముందో నేను చెప్పలేను,” అంది. డాక్టరు మాత్రం సాయంత్రం దాకా ఇద్దర్నీ నిద్రపోనివ్వకుండా కనిపెట్టుకుని ఉండమన్నాడు. షాపు తాళాలు వేయకుండా వచ్చేశారు కాబట్టి ఆవిడ ఇద్దర్నీ మళ్లీ షాపుకే తీసుకెళ్లి, చుట్టూ అన్ని పరుపులుండగా రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గర కాపలా కూర్చుంది. ఎవరి తల వాలినా “ఊఁ!” అని గదమాయించేది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మాస్టారికి ఏమీ గుర్తు లేదు.

“నేను మెట్లు దిగాను. మీరు తలుపు తీశారు,” అన్నారు నుదుటి మీద బొప్పి తడుముకుంటూ. “ఆ తర్వాత ఆసుపత్రిలో మా ఆవిడ మొహం. మధ్యలో ఏం జరిగింది?”

“కొట్లాట,” అన్నాడు షాపాయన.

“అది తెలుసు. ఎలా జరిగింది?”

“నాకేం తెలుసు మాస్టారూ? కళ్లజోడు లేదు కదా.”

మాస్టారు గాజు కళ్లతో చూశారు. జీవితమంతా ఎదురుచూసిన ఒకే ఒక్క కొట్లాట వచ్చింది, జరిగింది, వెళ్లిపోయింది. ఆయన మాత్రం దానికి హాజరు కాలేదు. చూసినవాళ్లని అడిగారు. ఒక పిల్లాడు మాస్టారు మెరుపులా తలతో పొడిచారన్నాడు. కుట్టుమిషను టీచరమ్మ షాపాయనే ముందు పొడిచాడని ఒట్టేసి చెప్పింది. బావమరిది ఆ సమయానికి బస్సు నడుపుతున్నాడు గానీ, ఎదురుగా ఉండి చూసినట్టు, రోజుకో దెబ్బ కలిపి ప్రయాణికులందరికీ చెప్పాడు. గుండీలు మాత్రం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “వదిలారు మాస్టారూ. మిమ్మల్ని వదిలారు,” అన్నాడు.

“ఎలా ఉందండీ ఇప్పుడు?” అని అడిగింది భార్య ఆ సాయంత్రమే, ఇద్దర్నీ స్టూళ్ల మీంచి లేపుతూ.

“ఎవరో నా భోజనం తినేసి, బాగుందని నాకే చెబుతున్నట్టుంది,” అన్నారు మాస్టారు.

షాపాయనకి ఆ మాట మనసులో గుచ్చుకుంది. తను బాగా గుర్తుంచుకుని ఉంటే ఈయనకి చెప్పగలిగేవాణ్ణి కదా అని బాధపడ్డాడు. చేతనైన సాయం ఏదో చేయాలనుకుని, షోరూములో వాడి మెత్తబడిన పరుపులన్నీ పైకి మోయించి హాలంతా పరిపించాడు. గెంతులు వినపడవు, సున్నం రాలదు, ఇద్దరికీ మంచిదన్నాడు. గుండీలుకి కింద షాపులోనే పనిచ్చాడు. మెత్తటిది కావాలని ఒకరు, గట్టిది కావాలని ఒకరు పట్టుబట్టే మొగుడూ పెళ్లాల మధ్య నిలబడి, మాట పెరగ్గానే పట్టుకోవడం ఆ పని. దంపతులు అతన్ని బాగా మెచ్చుకుంటున్నారు.

పైన మాత్రం కరాటే కష్టమైంది. తన్నడానికి కాలెత్తితే రెండో కాలు మోకాలి దాకా దిగిపోతోంది. కింద పడ్డవాళ్లు లేవడం లేదు. మొదట్లో తెల్ల బెల్టులే నిద్రపోయేవాళ్లు, పోను పోను గోధుమ రంగు బెల్టులు కూడా వాలిపోయారు. ఎవరూ మానేయలేదు సరికదా, నిద్ర బాగా పడుతోందని కొత్తవాళ్లు చేరారు. ఆఫీసుల నుంచి టైలు కట్టుకున్నవాళ్లొచ్చారు. హాస్టలు వార్డెనమ్మ ఒక దిండు తనే తెచ్చుకుంది. మాస్టారు మొదట కోప్పడ్డారు, తర్వాత బతిమాలారు. చివరికి అలవాటు కొద్దీ, వరసల మధ్య చేతులు వెనక కట్టుకు తిరుగుతూ మెడ వంకరగా పడుకున్నవాళ్లని సరిదిద్దడం, ఒక పక్కకి తిరిగినవాళ్ల మోకాళ్ల మధ్య దిండు పెట్టడం మొదలుపెట్టారు. ఆయన నేర్పితే దేన్నైనా పద్ధతిగా నేర్పుతారు.

నిన్న మధ్యాహ్నం వాళ్లావిడ డ్యూటీ దిగి క్యారేజీ పట్టుకుని పైకొచ్చేసరికి హాలంతా బెల్టుల వరసలో, పెద్దా చిన్నా తేడా తప్పకుండా, గుర్రుపెడుతోంది. మాస్టారు ఒక్కరే మధ్యలో నిటారుగా నిలబడి ఉన్నారు. పెదాల మీద వేలు పెట్టి, క్యారేజీ చప్పుడు చేయొద్దని సైగ చేశారు. ఆవిడ గుమ్మంలోనే చెప్పులు విప్పి, మునివేళ్ల మీద నడిచొచ్చి ఆయన పక్కన కూర్చుంది. కూర్చున్నది కాస్తా మెల్లగా పరుపులోకి కూరుకుపోయింది.

“బాగుందండీ,” అంది కళ్లు మూసుకుంటూ. “ఈ వారమంతా మెట్ల మీద పడ్డవాళ్లే.”

మాస్టారు వంగి, ఆవిడ మెడ కింద చెయ్యి పెట్టి, కాస్త ఎడమకి జరిపారు.